కడిగిన మట్టి

ఆ ఏడు మే నెల మొదటి శనివారం నా కూతురు స్తేషా బస్సు దిగుతూనే, "సమాధి దగ్గరికి తర్వాత వెళ్దాం నాన్నా, ముందు మట్టి చూపించు" అంది.

వాళ్ళమ్మ లుకేరియా పోయి అప్పటికి మూడు నెలలు. స్తేషా చంకలో నాలుగు ఖాళీ సంచులున్నాయి, చేతిలో ఎర్ర గుడ్డపీలికలు కట్టిన పుల్లల కట్ట ఉంది. తలమీద రుమాలు లేదు. జుట్టు చెవుల దాకా కత్తిరించుకుంది. మా ఊళ్ళో అది ఇంకా నలుగురూ తల తిప్పి చూసే విషయమే. మాది పైప్సి సరస్సు ఒడ్డున ఒకే వీధిగా సాగిన ఊరు. వీధికి ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క ఉల్లి మళ్ళు. మళ్ళ వెనక చిత్తడినేల. ఆ చివర నుంచి ఈ చివరకు నడిచేసరికి కిటికీ తెరలన్నీ ఒకసారి కదిలాయి.

చిత్తడినేలలో నాచు వేల ఏళ్ళుగా నానుతూ, కుళ్ళీ కుళ్ళక, నల్లమట్టిగా మారి ఉంటుంది. దాన్ని పీటు అంటాం. ఉల్లి మళ్ళకు వేస్తాం, ఎండబెట్టి పొయ్యిలో పెడతాం. తార్తు పట్నంలో నా కూతురు పనిచేసే ప్రయోగశాలలో దాన్ని గాలి తగలని కొలిమిలో కాల్చి బొగ్గు చేస్తారు. ఆ బొగ్గును అప్పడంలా పలచగా వత్తి, సూపర్‌కెపాసిటర్ అనే డబ్బాలో పెట్టి, అందులో కరెంటు దాస్తారు.

"దాచడానికి బ్యాటరీ ఉందిగా. నా పడవకు అదే" అన్నాను, చిత్తడినేలలో వంకర పైను చెట్టు పక్కన పార దింపుతూ.

"బ్యాటరీ కరెంటును మింగుతుంది నాన్నా. మింగడానికీ ఆలస్యమే, కక్కడానికీ ఆలస్యమే. ఇది మింగదు, ఒంటికి పూసుకుంటుంది. ట్రాము బ్రేకు వేసినప్పుడు పట్టుకుని, మళ్ళీ కదిలేటప్పుడు ఇచ్చేస్తుంది. ఒళ్ళు ఎంత ఎక్కువుంటే అంత పూసుకుంటుంది."

"బొగ్గుకు ఒళ్ళేమిటే?"

"కంటికి కనపడని చిల్లులుంటాయి. వాటి గోడలన్నీ విప్పి పరిస్తే, పోయినేడు మనింటి నుంచి వచ్చిన సంచిలో చెంచాడు బొగ్గుకు ఎకరం నేల వచ్చింది."

నేను పార ఆపాను. మా పెరడు మొత్తం కలిపినా ఎకరం లేదు.

"మిగతా ఊళ్ళ మట్టికి?"

"అరెకరం. ముప్పాతిక వస్తే పండగే."

ఆ ఎకరం మట్టి ఒక్క సంచే. కాల్చడంలో, కొలవడంలో అంతా అయిపోయింది. లుకేరియా పోయాక నేను బస్సులో వేసి పంపిన సంచికి అరెకరమే వచ్చిందట. ఎందుకో తెలియదట. ఈలోగా నా కూతురు పెద్ద సభలో చెప్పేసింది. ఏ మందూ కలపకుండా, నేల ఇచ్చింది ఇచ్చినట్టే కాలిస్తే ఇంత వస్తుందని. గోడమీద వేసిన బొమ్మలో మా ఊరి పేరు కూడా రాసింది.

"సెప్టెంబరు లోపల మళ్ళీ చేసి చూపిస్తే మూడేళ్ళు ఉద్యోగం ఉంటుంది" అంది.

"లేకపోతే?"

"లేకపోతే ఉండదు." చేతిమీద దోమను కొట్టుకుని, నా కళ్ళలోకి చూసింది. "పోయినేడు ఆ మట్టికి ఏం చేశావో సరిగ్గా గుర్తు చేసుకో నాన్నా. ఉప్పు గానీ, సున్నం గానీ, బూడిద గానీ తగిలిందా?"

"ఏం తగుల్తుందమ్మా. కోశాను, కొట్టంలో ఆరబెట్టాను. తర్వాత నేను చేపల వేటకు పోయాను. మీ అమ్మ సంచికెత్తింది."

ఆ రోజు మోకాలి లోతున ఒకటి, నడుము లోతున ఒకటి, నిలువు లోతున ఒకటి తవ్వాం. ప్రతి గుంట దగ్గరా ఒక పుల్ల పాతింది. తిరిగి వస్తూ సమాధి దగ్గర ఆగాం. నేను రెండు వేళ్ళతో సిలువ గీసుకుని ప్రార్థన చదివాను. స్తేషా నా పక్కన నిలబడింది. చేతులకు మట్టి ఉందని జేబుల్లో పెట్టుకుంది.

ఇంట్లో భోజనం పెట్టాను. పాత ఆచారం పాటించే మా ఇళ్ళలో, లోకంలో కలిసి తిరిగేవాళ్ళకు కప్పూ గిన్నే వేరు. అవి కింది అరలో ఉంటాయి. ప్రాయశ్చిత్తం చేసుకుని, ఊరి పెద్ద దగ్గర ప్రార్థన జరిపించుకుంటే మళ్ళీ అందరితో ఒక పళ్ళెంలో తినవచ్చు. స్తేషా ఆ పని చేయలేదు. లుకేరియా ఉన్న రోజుల్లో ఆ నీలంపువ్వుల కప్పును ఎంత మామూలుగా కూతురి ముందు పెట్టేదంటే, అది శిక్షలా ఉండేది కాదు. నేను పెడితే శిక్షలా ఉంది. ఎక్కడ తేడా వచ్చిందో నాకు తెలియలేదు. కప్పు అదే, టీ అదే.

అయిదు గంటల బస్సుకు ఆమె వెళ్ళిపోయింది.

అలా మొదలైంది. ప్రతి శనివారం పది గంటల బస్సుకు రావడం, చిత్తడినేలకు పోవడం, తవ్వడం, తినడం, అయిదింటికి వెళ్ళడం. వచ్చిన ప్రతిసారీ కిందటి వారం లెక్క చెప్పేది. నడుము లోతు మట్టికి అరెకరం. నిలువు లోతుకు అరెకరం కన్నా కాస్త ఎక్కువ. నీడలో ఆరబెట్టినదానికి అరెకరం. నేను బడిలో ఎనిమిది తరగతులు చదివినవాణ్ణి. అయినా జూన్ వచ్చేసరికి ఆమె బస్సు దిగే తీరును బట్టే ఆ వారం ఎంత వచ్చిందో చెప్పగలిగేవాణ్ణి.

మిగతా ఆరు రోజుల సంగతి ఎలా చెప్పాలో తెలియదు. ఉదయం, సాయంత్రం ప్రార్థన గ్రంథం తెరిచేవాణ్ణి. ఇంట్లో ఒకరు చదివితే ఇంకొకరు "ప్రభూ కరుణించు" అని బదులు పలకడం మా పద్ధతి. ముప్పై నాలుగేళ్ళు చదువు నాది, బదులు లుకేరియాది. ఇప్పుడు చదువూ నాదే, బదులూ నాదే. మొదట్లో బదులు కాస్త గొంతు తగ్గించి చెప్పేవాణ్ణి, ఇంకెవరో చెప్పినట్టుగా. దేవుడి ముందు ఆ నాటకమెందుకని తర్వాత మానేశాను.

అందుకని గురువారం నుంచే నాకు శనివారం మొదలయ్యేది. గురువారం వలలు చూసి మంచి చేపలు పక్కన పెట్టేవాణ్ణి. శుక్రవారం పిండి కలిపేవాణ్ణి. చేప కూరిన రొట్టె చేయడం ఆ వేసవిలోనే నేర్చుకున్నాను. మొదటిసారి చేసినప్పుడు స్తేషా ఒక ముక్క కొరికి, "నాన్నా, దీన్ని కూడా కొలిమిలో పెట్టి చూస్తాను, చిల్లులే ఉండవు, గట్టి సరుకు" అంది. నాకు నవ్వొచ్చింది. ఇంట్లో నవ్వు వినపడి చాలా కాలమైందని ఆమె వెళ్ళిపోయాక తోచింది.

జూలై నడుమ, పేతురు పండగ దాటిన బుధవారం, ఉల్లి మళ్ళలో కలుపు తీస్తున్నాను. పక్కింటి కపితొలీనా కంచె మీద మోచేతులు ఆనించి నిలబడింది. ఆమెకు డెబ్భై ఎనిమిదేళ్ళు. లుకేరియాకు స్నేహితురాలు. నేను అక్కా అనే పిలుస్తాను.

"ఏం టెరెంతీ, నీ బురద ఇంకా పరీక్ష పాసవలేదా?"

"లేదక్కా. పోయినేటి బురద తెలివైంది. ఈ ఏటిది మొద్దు."

"పోయినేటిది తెలివైందవక ఏమవుతుంది. పెళ్ళికూతురికి పోసినట్టు తలంటి పోసి పంపింది కదా మీ ఆవిడ."

నేను లేచి నిలబడ్డాను. "దేనికి పోసింది?"

"ఆ మట్టికే నాయనా. నువ్వు సరస్సు మీద ఉన్నావు. నా పొయ్యిలోంచి బిర్చి కట్టెల బూడిద రెండు బకెట్లు పట్టుకుపోయింది. మరిగించి, తేర్చి, ఆ తేటలో రెండు రోజులు నానేసింది. మట్టిని కడిగేవాళ్ళు ఎక్కడైనా ఉంటారటే పిచ్చిదానా అన్నాను. 'పిల్ల అంతమంది చదువుకున్నవాళ్ళ ముందు మురికిమూట విప్పుతుందా అక్కా, మనింటి నుంచి వెళ్ళేది శుభ్రంగా వెళ్ళాలి' అంది. చేతులు కొంకర్లు పోయి, మంచినీళ్ళలో జాడించకుండానే ఆరేసింది. జాడించలేదని రెండు రోజులు బాధపడింది కూడా."

"స్తేషాకు చెప్పలేదే."

"చెప్పకక్కా, నవ్వుతుంది అంది. ఎందుకలా నిలబడిపోయావు? కడిగితే కడిగింది, మట్టే కదా."

కొట్టంలోకి వెళ్ళాను. ఈస్టరుకు ముందు బట్టలుతికే చెక్క తొట్టి బోర్లించి ఉంది. తిరగేశాను. లోపల మూడొంతుల ఎత్తున చుట్టూ నల్లటి గీత ఉంది.

ఉప్పు గానీ, సున్నం గానీ, బూడిద గానీ అని నా కూతురు అడిగింది. మాకు బూడిద తేట కొత్త కాదు. నారబట్టలోంచి నూనె జిడ్డు లాగేస్తుంది, ఎక్కువసేపు ముంచితే వేళ్ళ చర్మం లేచిపోతుంది. రెండు రోజులు నానిన మట్టిని అది ఊరికే వదిలిపెట్టి ఉండదని అర్థం చేసుకోవడానికి ఎనిమిది తరగతులు చాలు.

ఆ సాయంత్రమే ఫోను చేసి ఉండవలసింది. చేయలేదు. శనివారం వస్తుంది కదా, ఎదురుగా చెబుదామనుకున్నాను.

శనివారం వచ్చింది. వంకర పైను దగ్గర తవ్వుతూ స్తేషా, తను చిన్నప్పుడు ఇదే చోట బూటు ఊబిలో పోగొట్టుకుంటే వాళ్ళమ్మ ఒంటి బూటుతో ఇంటిదాకా ఎత్తుకుని నడిచిన సంగతి చెప్పింది. లుకేరియా పోయాక ఆమె గురించి తనంతట తాను మాట్లాడటం అదే మొదటిసారి. నేను వింటూ తవ్వాను. చెబితే ఏమవుతుందో నాకు ఎదురుగా ఉన్న ఆ గుంటంత స్పష్టంగా కనిపించింది. చిక్కు విడిపోతుంది. మట్టి అక్కర్లేదు. శనివారం అక్కర్లేదు.

వచ్చే వారం చెబుదాం అనుకున్నాను.

రెండో శనివారం ఆమె తొట్టి పక్కనే నిలబడి సంచి మూతి కడుతూ, "నాన్నా, అమ్మ ఏమైనా చేసి ఉంటుందంటావా?" అంది.

"మీ అమ్మ సంచికెత్తింది. అంతే" అన్నాను.

అప్పటిదాకా చెప్పకపోవడం ఒకటి. ఇది అబద్ధం. ఆ సాయంత్రం ప్రార్థన చదువుతుంటే "ప్రభూ కరుణించు" దగ్గర ఆగిపోయాను. ఆ మాట లుకేరియా వంతు. ఆమెమీదే అబద్ధం చెప్పి, ఆమె వంతు మాట నేను ఎలా పలకను? కరుణించమని అడగడం తేలికే, కానీ దానికి ముందు తప్పు ఒప్పుకునే పని ఒకటి ఉంటుంది. ఆ పని చేయకుండా అడిగితే ఆయన వింటాడా అని చాలాసేపు కూర్చున్నాను. మూడో శనివారం, నాలుగో శనివారం కూడా చేప రొట్టె చేశాను. నాలుగోసారి రొట్టె బాగా కుదిరింది.

ఆగస్టులో ఉపవాసం మొదలైన మర్నాడు అయిదో శనివారం. ఆ రోజుల్లో చేప ముట్టం. దుంపలు ఉడకబెట్టాను. స్తేషా బస్సు దిగింది. చేతిలో సంచులు లేవు.

వంటింట్లో కూర్చుని, "ఇవాళ తవ్వడం లేదు నాన్నా" అంది. కళ్ళ కింద నల్లగా ఉంది. కుడిచేతి వేళ్ళమీద యాసిడ్ పడి చర్మం పొరలుగా లేచింది. "నేనే తప్పు కొలిచాను. నవంబరులో. ఇంకేం కాదు. తూకంలోనో, లెక్కలోనో. అప్పుడు మనసు సరిగా లేదు, అమ్మకు ఒంట్లో బాగాలేదని విని. ప్రొఫెసర్‌కు అదే రాస్తాను. అందరి ముందు చెప్పినదంతా నా తప్పు అని."

"నువ్వు తప్పు కొలవలేదు."

"నీకెలా తెలుసు?" నవ్వడానికి చూసింది. "నువ్వేమైనా కొలిచావా?"

టీ నీళ్ళు కాచే సమోవారులో నిప్పులు సర్ది, టీ పోశాను. పై అరలోంచి లుకేరియా కప్పు తీసి ఆమె ముందు పెట్టాను. కింది అరలోంచి నీలంపువ్వుల కప్పు తీసి నా ముందు పెట్టుకున్నాను.

"నాన్నా, అది నాది."

"ఇవాళ్టికి నాది" అని ఒక గుక్క తాగాను. తర్వాత చెప్పాను. బూడిద, తొట్టి, రెండు రోజులు నానేయడం, జాడించకపోవడం. మనింటి నుంచి వెళ్ళేది శుభ్రంగా వెళ్ళాలన్న మాట కూడా చెప్పాను.

స్తేషా వాళ్ళమ్మ కప్పు రెండు చేతులతో పట్టుకుని విన్నది.

"పొటాషియం" అంది చివరికి. "బూడిదలో ఉంటుంది. కొలిమిలో అది బొగ్గును తొలిచి చిల్లులు చేస్తుంది. కాల్చాక నేను యాసిడ్‌తో కడిగేస్తాను కదా, అందులో కొట్టుకుపోయింది. పారబోసిన నీళ్ళను ఎప్పుడూ చూడలేదు." కప్పు కింద పెట్టింది. "నీకెప్పుడు తెలిసింది?"

నిన్ననే అని చెప్పవచ్చు. కపితొలీనా తేదీ పట్టుకుని నా అబద్ధం బయటపెట్టే మనిషి కాదు.

"పేతురు పండగ దాటాక" అన్నాను. "బుధవారం."

ఆమె వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. "నాలుగు శనివారాలు."

"ఇవాళ్టితో అయిదు."

"కొట్టంలో అడిగాను నిన్ను."

"అడిగావు."

"పదకొండు సార్లు కాల్చాను నాన్నా, ఆ తర్వాత." గొంతు పెంచలేదు. ఎందుకు దాచావని అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర మాటలు సిద్ధంగా ఉన్నాయి, నెలరోజులుగా కూడబెట్టుకున్నవి. ఆమె జేబులోంచి కాగితం తీసి, "బకెట్టు ఎంతది? ఎంతసేపు మరిగిస్తారు?" అని అడిగి రాసుకుంది. కపితొలీనాను కూడా పిలిపించింది. ముసలావిడ కుర్చీలో కూర్చుని రాణిలా సమాధానాలు చెప్పింది. "రాసుకో పిల్లా, బిర్చి బూడిదే. పైను బూడిద పనికిరాదు, జిగురు."

ఆ వారం నేను బూడిద మరిగించి, తేర్చి, మట్టి నానేశాను. లుకేరియా చేసినట్టే జాడించకుండా ఆరేసి, బస్సులో వేసి పంపాను. స్తేషా రాలేదు. సెప్టెంబరు మొదట్లో ఫోను చేసి, "ఎకరం" అంది.

"అయితే ఉద్యోగం?"

"పొటాషియంతో చేయడం యాభై ఏళ్ళుగా అందరికీ తెలుసు నాన్నా. అందులో కొత్తేముంది? ఏమీ కలపని మట్టి అన్నాను. కలిసింది. వెనక్కి తీసుకుంటున్నానని రాసి ఇచ్చాను."

"మీ ప్రొఫెసర్ ఏమన్నాడు?"

"మర్యాదగానే మాట్లాడాడు. మట్టిని కడిగిన మనిషిని ఒకసారి చూడాలని ఉందన్నాడు. ఇక లేదని చెప్పాను."

ఆ మూడేళ్ళ ఉద్యోగం వేరే అబ్బాయికి ఇచ్చారు. ఆ నెలంతా నేను ఉల్లిపాయలు జడలల్లి కొట్టం నిండా వేలాడదీశాను. శనివారాలు పది గంటల బస్సు మా గుమ్మం ముందు నుంచే వెళ్ళేది. ఆగేది కాదు.

అక్టోబరులో మళ్ళీ ఫోను చేసింది. తాలిన్‌లో ట్రాముల షెడ్డులో పని దొరికిందట. కరెంటు దాచే డబ్బాలు పాడయ్యాయో లేదో పరీక్షించే పని. గది కూడా చూసుకుందట. కిటికీలోంచి పట్టాలు కనిపిస్తాయంది. చలిగా ఉందా, తింటున్నావా అని అడిగాను. ఉంది, తింటున్నాను అంది. మాటలు అయిపోయాయి.

"మట్టి ఏమైనా కావాలా?" అన్నాను.

"ఇక్కడ మట్టితో పని లేదు నాన్నా."

అవునవును అన్నాను. ఫోను పెట్టేస్తుందేమోనని, "అయితే ఊరికే రా" అన్నాను.

"నాలుగు గంటల ప్రయాణం. రెండు బస్సులు మారాలి" అంది.

"తెలుసు."

"ఊరికేనా?"

"ఊరికే."

ముప్పై ఒక్కేళ్ళలో నా కూతుర్ని నేను ఏ పనీ లేకుండా రమ్మనడం అదే మొదటిసారి. ఆమెకూ అది తెలిసినట్టుంది.

"శనివారాలు డ్యూటీ ఉంటుంది నాన్నా" అంది. "చూస్తాను."